అధికారపు కుర్చీని విశ్వాసి కోరవచ్చునా?

పంచాయతీ ఎన్నికలు దగ్గర పడిన ప్రతిసారి మన సంఘములలో ఒక ప్రశ్న లేస్తుంది. "అయ్యగారూ, మనవాడు వార్డు మెంబరుగా నిలబడితే తప్పా?" అని. "రాజకీయం బురద. అందులో దిగినవాడు తెల్లబట్టలతో పైకి రాడు" అని ఒక పెద్ద వెంటనే అంటాడు. "మన పేటకు మంచినీళ్ల పైపు కోసం ఎన్ని అర్జీలు పెట్టుకున్నాము! ఆ బల్ల దగ్గర మనవాడు ఒక్కడు ఉంటే ఇంత తిరుగుడు ఉండేదా?" అని ఒక తల్లి అడుగుతుంది. ఇద్దరూ ప్రార్థనాపరులే. ఇద్దరి మాటలోనూ అనుభవము ఉన్నది.

పరిశుద్ధ గ్రంథము ఈ ప్రశ్నను దాటవేయలేదు. మార్కు 10వ అధ్యాయములో యాకోబు, యోహాను ప్రభువు నొద్దకు వచ్చి కుడి ఎడమల కూర్చునే చోటు అడిగారు. ప్రభువు వారిని తరిమివేయలేదు గాని, నేను త్రాగే గిన్నె మీరు త్రాగగలరా అనే భావముతో ఎదురు ప్రశ్న వేశాడు. కుర్చీని అడిగినవారికి గిన్నెను చూపించాడు. నెహెమ్యా గ్రంథము 5వ అధ్యాయము కూడా ఈ సందర్భములో చదువదగినది. పొలములు తాకట్టు పడి, పిల్లలు దాసులుగా పోతున్న దినములలో, అధిపతిగా ఉన్న నెహెమ్యా వడ్డీ వ్యాపారులను సభలో నిలదీసి పొలములు తిరిగి ఇప్పించాడు. అధికారము లేనివాడు ఆ మాట అని ఉంటే ఎవరు వినేవారు? అయితే 12 సంవత్సరములు అధిపతికి రావలసిన భత్యమును ఆయన ముట్టలేదని కూడ అక్కడే వ్రాయబడి ఉన్నది.

మన కాలములో కుర్చీ పేదవాని గుమ్మము దగ్గరకు వచ్చింది. రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినప్పటి నుండి పంచాయతీలలో షెడ్యూల్డు కులములకు, తెగలకు జనాభాను బట్టి స్థానములు, స్త్రీలకు మూడవ వంతు స్థానములు కేటాయించబడినవి. రెండు తెలుగు రాష్ట్రములలో స్త్రీల వాటా తరువాత సగమైనది. సర్పంచి ఒకరైతే సంతకము తప్ప మిగతాదంతా భర్తో, వెనుక నిలబడిన మోతుబరో నడిపించే ఊళ్లు లేకపోలేదు. కుర్చీ దొరకడము వేరు, అందులో కూర్చోవడము వేరు.

ఈ విషయములో మేము తరచుగా ఉదహరించే పేరు ఇంగ్లండు దేశస్థుడైన విలియం విల్బర్‌ఫోర్స్. ఆయనను గూర్చి మన ప్రసంగములలో చెప్పేది సగము కథే. రెండవ సగము కూడ చెప్పవలసి ఉన్నది.

ఆయన 1759లో హల్ పట్టణములో ధనవంతుల ఇంట పుట్టాడు. 1780లో 21 ఏళ్ల వయస్సులోనే పార్లమెంటు సభ్యుడయ్యాడు. ఆ ఎన్నికకు ఆయన ఖర్చు పెట్టినది 8 వేల పౌండ్లకు పైగా! ఓటర్లకు డబ్బు ఇవ్వడము అక్కడ అప్పటి వాడుక. (మన ఊళ్లలో పోలింగు ముందు రాత్రి ఏమి జరుగుతుందో చదువరులకు వేరే చెప్పనక్కరలేదు.) 1785లో ఆయన హృదయము మారినది. లోకపు అధికారము వదిలివేయాలా అనే సంశయముతో ఆయన జాన్ న్యూటన్ అనే పాదిరిగారి దగ్గరకు వెళ్లాడు. "అమేజింగ్ గ్రేస్" కీర్తన వ్రాసిన న్యూటనే ఆయన; యౌవనములో బానిసల ఓడకు కెప్టెనుగా పనిచేసినవాడు. పార్లమెంటు వదలవద్దు, అక్కడే దేవుని సేవ చేయుమని న్యూటన్ సలహా ఇచ్చాడు.

ఆ సలహా విలువ రెండేళ్లలో తెలిసింది. 1787 మే 22న లండనులో 12 మంది కూడి బానిస వ్యాపారము నిలుపుటకు ఒక కమిటీ కట్టారు. వారిలో 9 మంది క్వేకర్లు. క్వేకర్లు ఒట్టు పెట్టుకోరు. ఒట్టు పెట్టి ప్రమాణము చేయనివారికి అప్పటి పార్లమెంటులో చోటు లేదు. సత్యము వారి దగ్గర ఉన్నది, కుర్చీ లేదు. థామస్ క్లార్క్‌సన్ అనే యువకుడు రేవులు తిరిగి, నావికులను అడిగి, సంకెళ్లు కూడ కొనితెచ్చి సాక్ష్యము పోగుచేశాడు. బానిసగా ఉండి విడుదల కొనుక్కున్న ఒలౌడా ఎక్వియానో అనే ఆఫ్రికా సంతతివాడు 1789లో తన జీవితకథ అచ్చువేయించి ఊరూరా తిరిగాడు. ఈ సాక్ష్యమును సభలో బల్ల మీద పెట్టేవాడు ఒకడు కావలెను. ఆ పని విల్బర్‌ఫోర్స్ చేశాడు.

1791లో ఆయన బిల్లు 88 ఓట్లు తెచ్చుకొని, 163 ఓట్లతో ఓడిపోయింది. తరువాతి సంవత్సరము దేశము నలుమూలల నుండి 500లకు పైగా అర్జీలు వచ్చాయి; లక్షలమంది బానిసలు పండించిన పంచదార వాడడము మానివేశారు. టీలో పంచదార మాన్పించినది ముఖ్యముగా ఇంటి ఆడవారే, ఓటు లేనివారు. అయినను సభ "క్రమక్రమముగా" అనే మాట చేర్చి దాటవేసింది. 1796లో బిల్లు 4 ఓట్ల తేడాతో, 70కి 74గా, ఓడింది. ఆ రాత్రి ఆయన పక్షము వారిలో కొందరు సంగీత నాటకము చూడడానికి వెళ్లారు! మన కమిటీలలో తీర్మానము రోజున కనిపించని సహోదరులను తలంచుకొని మేము ఈ సంగతి చదివినప్పుడెల్లా నవ్వుకుంటాము, ఆ నవ్వు ఎక్కువసేపు ఉండదు. ఆ సంవత్సరములన్నిటిలో ఓడలు నడుస్తూనే ఉన్నాయి. చివరకు 1807 ఫిబ్రవరిలో 16కు 283 ఓట్లతో బానిస వ్యాపార నిషేధము నెగ్గింది.

విల్బర్‌ఫోర్స్ మంత్రి పదవి ఎన్నడూ చేపట్టలేదు. ప్రధానమంత్రి పిట్ ఆయనకు ప్రాణస్నేహితుడు. అయినా ఫ్రాన్సుతో యుద్ధము విషయములో ఆ స్నేహితునికే ఎదురుగా మాట్లాడాడు. కుర్చీని పట్టుకొని వ్రేలాడేవాడు ఆ మాట అనలేడు. అయితే కూలివారు జీతము కొరకు కూటమి కట్టరాదనే 1799 చట్టమును సమర్థించినవాడు కూడ ఆయనే. బానిసత్వమునకు విరోధముగా స్త్రీలు సంఘములు పెట్టి ఇల్లిల్లూ తిరగడము ఆయనకు నచ్చలేదు. సముద్రము అవతలి సంకెల కనబడినవానికి తన ఊరి మిల్లు కూలివాని ఆకలి కనబడలేదు. మా అభిప్రాయములో ఇది చిన్న లోపము కాదు. అధికారములో ఉన్నవాడు, ఎంత భక్తిపరుడైనా, తాను కూర్చున్న చోటు నుండి కనబడినంతే చూస్తాడు.

అందుచేత రెండవ సగము చెప్పవలెను. 1807 చట్టము వ్యాపారమును ఆపింది గాని, తోటలలో ఉన్న బానిసలు బానిసలుగానే ఉండిపోయారు. జమైకా ద్వీపములో శామ్యూల్ షార్ప్ అనే బానిస ఉండేవాడు. బాప్టిస్టు సంఘములో డీకను, చదువు వచ్చినవాడు, వార్తాపత్రికలు చదివి తోటివారికి వినిపించేవాడు. 1831 క్రిస్మసు తరువాత కూలి ఇవ్వనిదే చెరకు నరకరాదని బానిసల మధ్య ఒడంబడిక చేయించాడు. డిసెంబరు 27 రాత్రి తోటలకు నిప్పు అంటుకున్నది. పని మానడము తిరుగుబాటు అయినది. చనిపోయిన తెల్లవారు 14 మంది. ప్రభుత్వము ఉరితీసినవారు 300 మందికి పైనే. తెల్లవారి గుంపులు బాప్టిస్టు గుడులను పడగొట్టాయి. 1832 మే 23న మాంటెగో బే పట్టణములో షార్ప్‌ను ఉరితీశారు. ఆయనకు ఏ సభలోను చోటు లేదు. కాని ఆ ద్వీపము నుండి వెళ్లిన విలియం నిబ్ అనే మిషనెరీ పార్లమెంటు కమిటీల ఎదుట ఇదంతా సాక్ష్యము చెప్పాడు. ఇక ఆలస్యము చేస్తే ద్వీపములే చేజారునని ఇంగ్లండుకు అర్థమైంది.

1833లో బానిసత్వ నిర్మూలన చట్టము వచ్చింది. బిల్లు నెగ్గడము ఖాయమని తెలిసిన మూడు రోజులకు, జూలై 29న, విల్బర్‌ఫోర్స్ నిద్రించాడు. ఆ చట్టము 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారము ఇచ్చింది, బానిసలకు కాదు, యజమానులకు! విడుదలైన దాదాపు 8 లక్షల మందికి ఒక్క పెన్నీ లేదు. పైగా "శిక్షణ" పేరుతో 1838 వరకు వారి చేత జీతము లేని పని చేయించారు. ఆ పరిహారము కొరకు బ్రిటిషు ప్రభుత్వము చేసిన అప్పు 2015లో గాని పూర్తిగా తీరలేదు. చట్టము వ్రాసిన బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారో దీనిని బట్టి తెలుస్తున్నది.

మన తెలుగువారి సంగతి ఇక్కడే వస్తుంది. ఆ చట్టము ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని మన దేశమునకు వర్తించలేదు. ఇక్కడ 1843 వరకు ఆగవలసి వచ్చింది. బానిసలు పోయిన చెరకు తోటలకు కూలివారు కావలసి వచ్చి, 1834 నుండి మన దేశపు బీదలను ఒప్పందపు కూలివారిగా ఓడలెక్కించారు. మారిషస్ ఒక్కదానికే నాలుగున్నర లక్షల మంది వెళ్లారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడి తెలుగువారిని కోరంగివారని పిలిచారు. 1903 నుండి మద్రాసు ఓడలు తెలుగువారిని ఫిజీ ద్వీపములకు కూడ చేర్చాయి. బొటనవేలి ముద్ర వేసిన కాగితములో ఏమున్నదో వారిలో చాలామందికి తెలియదు.

ఈ పద్ధతిని మాన్పించడానికి 1912లో గోఖలేగారు వైస్రాయి శాసనసభలో తీర్మానము పెట్టారు. భారతీయులకు ఆ సభలో కొన్ని కుర్చీలే ఉండేవి. ప్రభుత్వ సభ్యులే ఎక్కువ గనుక తీర్మానము ఓడిపోయింది. 1915లో ఏ పదవి లేని సి.ఎఫ్. ఆండ్రూస్ తన మిత్రుడు పియర్సన్‌తో ఫిజీకి వెళ్లి, కూలి లైన్లలో తిరిగి, అక్కడి స్త్రీల దుస్థితిని నివేదిక వ్రాసి బయటపెట్టాడు. 1916 మార్చిలో మదనమోహన మాలవీయగారు అదే సభలో మరల తీర్మానము పెట్టగా వైస్రాయి హార్డింజి అంగీకరించాడు. 1917లో కూలి ఓడలు నిలిచిపోయాయి.