కుంటుతూ వచ్చి మూడుసార్లు గెలిచిన రెడ్ రమ్

1967లో లివర్‌పూల్ దగ్గరి ఎయింట్రీ మైదానంలో రెడ్ రమ్ పరిగెత్తిన తొలి పందెం దూరం ఒక్క కిలోమీటరు. మరో గుర్రంతో సమంగా మొదటి స్థానం పంచుకుంది. పొట్టి పరుగుల వంశంలో పుట్టిన ఈ ఐర్లండ్ గుర్రం, అదే మైదానంలో జరిగే గ్రాండ్ నేషనల్‌కు పనికొస్తుందని ఎవరనుకుంటారు? అది స్టీపుల్‌చేజ్ పందెం. కంచెలు, కందకాలు కలిపి ముప్పై అడ్డంకులు దూకుతూ దాదాపు ఏడు కిలోమీటర్లు పరిగెత్తాలి.

పైగా దాని కాలి గిట్టలోని ఎముకకు వాపు జబ్బు. ఆ సంగతి తెలియకుండానే 1972లో గుర్రాల శిక్షకుడు జింజర్ మెకెయిన్ దాన్ని 6,000 గినీలకు కొన్నాడు. ఆయన సౌత్‌పోర్ట్‌లో పాత కార్లు అమ్మేవాడు, టాక్సీ నడిపేవాడు. డబ్బు పెట్టిన నోయెల్ ల మేర్ ఆ టాక్సీ ఎక్కే ఎనభై దాటిన పెద్దమనిషి. గ్రాండ్ నేషనల్ గెలవాలన్నది ఆయన చిరకాల కోరిక.

మెకెయిన్ లాయం కార్ల షోరూమ్ వెనకే ఉండేది. పచ్చిక మైదానాలు లేవు, సముద్రతీరమే శిక్షణ స్థలం. ఒకరోజు గుర్రం కుంటుతుంటే నీళ్లలోకి నడిపించారు. బయటికొచ్చేసరికి కుంటు లేదు! మెత్తని ఇసుక, చల్లని ఉప్పునీరు దానికి వైద్యమయ్యాయి.

1973 నేషనల్‌లో క్రిస్ప్ అనే ఆస్ట్రేలియా గుర్రం చాలా ముందుకు వెళ్లిపోయింది. చివరి కంచె దాటాక దాని కాళ్లు తడబడ్డాయి. జాకీ బ్రయన్ ఫ్లెచర్ వదలకుండా తరిమిన రెడ్ రమ్ విన్నింగ్ పోస్ట్ దగ్గర ముప్పాతిక గుర్రం పొడవు తేడాతో గెలిచింది. సమయం 9 నిమిషాల 1.9 సెకన్లు, అప్పటికి రికార్డు. అయినా జనం జాలి క్రిస్ప్ మీదే. మేటి గుర్రమన్న లెక్కన అది రెడ్ రమ్ కంటే పది కిలోలకు పైగా ఎక్కువ బరువు మోసింది మరి. ఆ జాలి న్యాయమైనదే.

అదే లెక్కన మరుసటి ఏడాది, క్రిస్ప్ మోసిన బరువే, అంటే సుమారు 76 కిలోలు, రెడ్ రమ్ మీద పడింది. మళ్లీ గెలిచింది. దాని గొప్పతనానికి 1973 కంటే ఈ గెలుపే గట్టి సాక్ష్యం.

1975, 76లలో రెండో స్థానం. 1977లో, పన్నెండేళ్ల వయసులో, టామీ స్టాక్ స్వారీలో పాతిక గుర్రం పొడవుల తేడాతో మూడో విజయం. ఐదు నేషనల్స్‌లో 150 అడ్డంకులు దూకి ఒక్కసారీ పడలేదు. 1978 పందేనికి ముందురోజు కాలి ఎముకలో సన్నని చీలిక బయటపడడంతో దానికి పందేల నుంచి విశ్రాంతినిచ్చారు. ఆ తర్వాత టైగర్ రోల్ అనే గుర్రం 2018, 2019లలో వరుసగా గెలిచినా, మూడో గెలుపు దానికీ దక్కలేదు.