మీకు తెలుసా? పంకా గదిని చల్లబఱచదు

ఇంటికప్పున వ్రేలాడు విద్యుత్ పంకా గదిలోని గాలి యుష్ణోగ్రతను ఒక్క డిగ్రీయైనను తగ్గింపజాలదనియు, మన యొడలిపై నిలిచిన చెమటను శీఘ్రముగా ఆవిరిగావించి తద్ద్వారా చర్మమునకు మాత్రమే శైత్యము గలిగించుననియు మీరెఱుగుదురా? కావున జనులు లేని గదిలో తిరుగు పంకా, చల్లదన మొసంగకపోగా, తన మోటారు వేడిమిని గూడ ఆ గదికే చేర్చుచున్నది.

వెనుకటి తరపు పంకా పూర్తి వేగమున సుమారు 75 వాట్ల విద్యుత్తును గ్రహించును. బ్రష్‌లు లేని డీసీ మోటారుగల నేటి పంకాలకు 30 వాట్ల ప్రాంతము చాలును. దినమునకు 12 గంటలు తిరిగినచో మొదటిది నెలకు 27 యూనిట్లు కోరగా, రెండవది 11 యూనిట్లలోపే సరిపెట్టుకొనును. నాలుగు పంకాలున్న యింటిలో ఈ వ్యత్యాస మల్పమని యెవరనగలరు?

పాతకాలపు పెట్టెవంటి రెగ్యులేటరు, వేగమును తగ్గించినప్పుడు, ఆదా కావలసిన విద్యుత్తులో చాలభాగమును వేడిగా మార్చి వ్యర్థపఱచును. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు అట్లు చేయదు. ఏసీ గలవారు దానిని 26 డిగ్రీల కడ నిలిపి పంకాను మందగతిని త్రిప్పినయెడల, దేహసుఖము చెడక, కంప్రెసరు శ్రమయు బిల్లును తగ్గును.

అయితే మే మాసమున రామగుండమునందువలె గాలియే దేహమును మించి వేడెక్కినపుడు పంకా యొక్కటే చాలదు. వృద్ధులకును పసివారికిని తడిగుడ్డతో ఒడలు తుడుచుచుండవలయును.