గాలం రాడ్డుకు దారం చుట్టే యంత్రం ఇంట్లోనే

చెరువు కిందో, కాలువ పక్కనో పొలం ఉన్న రైతుకు గాలం కొత్త కాదు. ఒకప్పుడు వెదురు కర్ర, నైలాను తాడు, ముల్లు ఉంటే సరిపోయేది. ఇప్పుడు చాలా ఊళ్ళలో కుర్రాళ్ళ చేతుల్లో రీలు బిగించిన ఫైబరు రాడ్లు కనిపిస్తున్నాయి. వీటితో ఒక చిక్కు ఉంది. రాడ్డు బాగానే ఉంటుంది గానీ దాని మీద ఉండే రింగులు ఊడిపోతాయి. ఒక రింగు ఊడితే తాడు రాడ్డుకు రాసుకుంటుంది, లాగుడు ఒకేచోట పడుతుంది. కాస్త పెద్ద బొచ్చె పడిందంటే రాడ్డు విరిగినట్టే. రింగు ఊడిందని రాడ్డును అటక మీద పడేసినవాళ్ళు మీ ఊళ్ళోనూ ఉంటారు.

రింగును రాడ్డుకు పట్టి ఉంచేది మేకూ కాదు, వెల్డింగూ కాదు. ఒట్టి దారం, దాని మీద పూసిన ఎపాక్సీ జిగురు. అంటే బాగుచేయడం మన చేతిలో పనే. సొంతంగా రాడ్లు కట్టుకునేవాళ్ళు ఈ పనికి కుట్టుమిషను మోటారుతో చిన్న యంత్రం చేసుకుంటారు. దానికి పవర్ రాపర్ అని పేరు. సామానంతా మన దగ్గర దొరికేదే.

యంత్రం అందరికీ కావాలా?

అక్కర్లేదు. ఇంట్లో ఒకటి రెండు రాడ్లు బాగుచేసుకోవడానికి అట్టపెట్టె చాలు. పెట్టెకు రెండు వైపులా పైఅంచున గాడి కోసి, అందులో రాడ్డును ఆనించాలి. దారం ఉండను గిన్నెలో వేసి, దారాన్ని లావుపాటి పుస్తకం పేజీల మధ్యనుంచి తీస్తే బిగువు వస్తుంది. రాడ్డును చేత్తో తిప్పుకుంటూ చుట్టుకోవచ్చు. ముందు ఇలా నేర్చుకోండి. చేయి కుదిరి, ఊళ్ళోవాళ్ళు నాలుగు రాడ్లు తెచ్చి ఇస్తున్నారంటే అప్పుడు యంత్రం గురించి ఆలోచించాలి.

కావలసిన సామాను

అయిదడుగుల పొడవు, ఎనిమిది అంగుళాల వెడల్పు ఉన్న మందపాటి చెక్క ఒకటి. కాలి పెడలుతో సహా కుట్టుమిషను మోటారు. 20 మిల్లీమీటర్ల ఇనుప కడ్డీ ఒక అడుగు, దానికి సరిపోయే రెండు బ్లాకు బేరింగులు. ఎనిమిది అంగుళాల చెక్క పుల్లీ ఒకటి, వడ్రంగి చేసి ఇస్తాడు. కాలితో తొక్కే మిషనుకు వాడే గుండ్రటి తోలు బెల్టు. పొలంలో మిగిలిన 63 మిల్లీమీటర్ల పీవీసీ పైపు ముక్క, దాని మూత. జరిపే కిటికీలకు వాడే చిన్న నైలాను చక్రాలు నాలుగు. ఎయిర్ కూలర్లో రెక్కలను అటూ ఇటూ ఆడించే చిన్న మోటారు ఒకటి. కొత్తవే కొనాలని లేదు. దర్జీ దగ్గర, పాత ఇనుప సామాను కొట్లో అడిగి చూడండి.

కడ్డీ బదులు అర అంగుళం జీఐ పైపు వాడదామనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పేరుకు అర అంగుళమే గానీ బయటి కొలత 21 మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. 20 మిల్లీమీటర్ల బేరింగులో దూరదు. లేతు షాపులో తిప్పించాల్సి వస్తుంది.

బిగించే తీరు

చెక్కకు ఎడమ చివర రెండు బేరింగులు బిగించి, కడ్డీ దూర్చి, దానికి పెద్ద పుల్లీ ఎక్కించాలి. మోటారును దాని వెనక పెట్టాలి. కుట్టుమిషను మోటారు నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరుగుతుంది. మనకు కావలసింది వందా రెండు వందలే. మోటారు మీది చిన్న పుల్లీ ముప్పావు అంగుళం, మన పుల్లీ ఎనిమిది అంగుళాలు అయితే వేగం పదో వంతుకు తగ్గుతుంది. మిగతాది కాలి పెడలుతో అదుపు చేసుకోవచ్చు. పెద్ద పుల్లీ పెట్టకుండా పెడలుతోనే తగ్గిద్దామనుకుంటే మోటారుకు బలం చాలదు, పెడలూ వేడెక్కుతుంది. ఫ్యాను మోటారు, పంపు మోటారు ఈ పెడలుకు కలపకూడదు. అవి వేరే రకం, కాలిపోతాయి.

తోలు బెల్టును కావలసిన పొడవుకు కోసి కొక్కెంతో కలపాలి. బెల్టు జారితే బిగించుకోవడానికి వీలుగా మోటారు బోల్టుల రంధ్రాలు పొడుగ్గా కోయించండి.

ఇక రాడ్డును పట్టే భాగం. పైపు మూతకు నడిమధ్య రంధ్రం చేసి కడ్డీ చివర నట్లతో బిగించాలి. ఆ మూతలో నాలుగంగుళాల పైపు ముక్కను అతికించాలి. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి వచ్చినచోట చుట్టూ కాగితం చుట్టి, ఆ కాగితాన్ని మూడు మడతలు వేస్తే మూడు సమాన భాగాలు తెలుస్తాయి. ఆ గుర్తుల దగ్గర మూడు బోల్టులు లోపలికి బిగించాలి. కొసలకు సైకిలు ట్యూబు ముక్కలు తొడగాలి. మూడింటినీ సమానంగా బిగిస్తే రాడ్డు మధ్యలో నిలుస్తుంది.

రాడ్డు మిగతా పొడవును మోయడానికి రెండు చెక్క స్టాండ్లు చేసి, ఒక్కోదానికి రెండేసి చక్రాలు పక్కపక్కన బిగించాలి. ఈ చక్రాల మీద ఆనిన రాడ్డు, కడ్డీ ఒకే ఎత్తులో ఉండాలి. పావు అంగుళం తేడా వచ్చినా రాడ్డు పాములా కొట్టుకుంటుంది.

దారం చుట్టడం

పాత దారం, జిగురు తీసేటప్పుడు రాడ్డుకు బ్లేడు గాటు పడకూడదు. గాటు పడినచోటే రేపు విరుగుతుంది. రింగు కాలు చివర ఆకురాయితో పలుచగా అరగదీయండి. లేకపోతే ఆ అంచే దారాన్ని కోస్తుంది. రింగును సన్నటి టేపుతో నిలిపి, రాడ్డు చివరనుంచి కన్ను పెట్టి చూసి, రింగులన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో సరిచూసుకోవాలి.

దారం కొసను రాడ్డు వెంబడి పెట్టి, దాని మీదనుంచే అయిదారు చుట్లు వేస్తే కొస బిగుసుకుంటుంది. మిగిలింది కోసేయాలి. రింగు కాలికి కాస్త బయట మొదలుపెట్టి రింగు వైపు ఎక్కాలి. చుట్టుకు చుట్టు ఆనుకోవాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఇంకా పది చుట్లు ఉన్నాయనగా వేరే దారాన్ని ఉచ్చులా మడిచి పెట్టి దాని మీద చుట్టండి. చివర దారాన్ని కోసి ఆ ఉచ్చులో దూర్చి లాగితే కొస చుట్ల కిందకు పోతుంది. ముడి ఉండదు. బిగువు సరిపోయిందా అంటే, బొటనవేలితో గట్టిగా నెడితే రింగు కొద్దిగా జరగాలి. అసలు జరగకపోతే బిగువు ఎక్కువైనట్టు.

ఆరబెట్టడంలోనే ఉంది

రెండు ట్యూబుల ఎపాక్సీలో నెమ్మదిగా గట్టిపడే రకం తీసుకోండి. అయిదు నిమిషాల్లో గట్టిపడేది పనికిరాదు, సర్దుకునేలోపే బిగుస్తుంది. రెండూ సమపాళ్ళలో, బుడగలు రాకుండా రెండు మూడు నిమిషాలు కలిపి కుంచెతో పలుచగా పూయాలి. ఒక మందపు పూత కంటే రెండు పలుచని పూతలు మేలు. చేతులకు తొడుగు వేసుకోండి, గాలి ఆడే చోట చేయండి.

పూసి వదిలేస్తే జిగురు కిందకు జారి బొట్టు కడుతుంది. అందుకే కూలర్ మోటారు. అది నిమిషానికి అయిదారు చుట్లే తిరుగుతుంది. జిగురు కదలకుండా నిలిచేదాకా, నాలుగైదు గంటలు రాడ్డును దానితో తిప్పాలి. మధ్యలో కరెంటు పోతే కంగారు పడొద్దు. అయిదు నిమిషాలకోసారి సగం చుట్టు చేత్తో తిప్పుతూ ఉంటే చాలు. 24 గంటలు గడిచాకే వాడాలి.

ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు

ఈ యంత్రానికి ఇంటి ప్లగ్గు నుంచే కరెంటు ఇవ్వాలి. పొలం మోటారు షెడ్డులో మూడు ఫేజులే ఉంటాయి, న్యూట్రల్ ఉండకపోవచ్చు. ఒక ఫేజు, ఎర్తు కలిపి నడిపే అలవాటు కొన్నిచోట్ల ఉంది. ఆ పని అసలు చేయొద్దు. ఎర్తు సరిగా లేకపోతే తీగలు, ఇనుము, ఆ చుట్టూ తడినేల అన్నీ కొడతాయి. రెండు ఫేజులు కలిపితే 415 వోల్టులు వచ్చి మోటారు కాలిపోతుంది. బెల్టుకు రేకు మూత పెట్టండి. వదులు చొక్కా, కండువాతో కూర్చోవద్దు.

ఇంకొకటి. కార్బన్ రాడ్డులోంచి కరెంటు పారుతుంది. తడిసిన వెదురైనా అంతే. చెరువు కట్ట మీదుగా, కాలువల మీదుగా 11 కేవీ తీగలు పోతుంటాయి. వాటి కింద రాడ్డు విసరొద్దు, నిలబెట్టి నడవొద్దు. ఉరిమేటప్పుడు ఒడ్డున ఉండొద్దు. రాడ్డు బాగుచేసి ఇచ్చేటప్పుడు ఈ మాట కూడా చెప్పి ఇవ్వండి.

గిట్టుబాటు సంగతి

దీనితో ఇల్లు గడుస్తుందని చెప్పలేం. పొలం పని లేని వేసవిలో చేతిఖర్చుకు ఆసరా అంతే. అందుకే అప్పు చేసి మొదలుపెట్టవద్దు. ముందు మీ అటక మీది రాడ్డును అట్టపెట్టె మీద బాగుచేసి, ఒక నెల వాడి చూడండి. రింగు కదలకుండా నిలిస్తే పక్కవాళ్ళే తెచ్చి ఇస్తారు. చెరువు మత్స్యకారుల సహకార సంఘం లీజులో ఉంటే వాళ్ళను అడిగాకే గాలం వేయాలి. అది వాళ్ళు పిల్లలు వదిలి, డబ్బు పెట్టి పెంచుకున్న చేప.