“నీకిది ఎలా తెలిసింది?”

తెలంగాణ కళాశాల విద్యా కమిషనరేట్ నిర్వహించే ‘జిజ్ఞాస’ కార్యక్రమంలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల విద్యార్థులు తాము చేసిన అధ్యయనాలను నిపుణుల ఎదుట సమర్పిస్తారు. అటువంటి వేదికపై నిలిచిన ప్రతి విద్యార్థీ ఒక ప్రశ్నకు సిద్ధపడాలి: “నీకిది ఎలా తెలిసింది?”

పరిశోధనాంశం కోసం మన పిల్లలు దూరం పోనవసరం లేదు. గడ్డిఅన్నారం నుంచి తరలివచ్చిన పండ్ల మార్కెట్ బాటసింగారంలోనే ఉంది. మన దస్తర్‌ఖాన్ మీదికి వచ్చే మామిడి ఎలా మాగింది? కాల్షియం కార్బైడ్ తేమ తగలగానే ఎసిటిలీన్ వాయువును వెలువరిస్తుంది. అందులో ఆర్సెనిక్, భాస్వరం జాడలు ఉండవచ్చు గనుక, పండ్లను మాగబెట్టడానికి దానిని వాడటం మన దేశంలో నిషిద్ధం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం వరకు అనుమతించారు.

పచ్చికాయ ముక్కపై అయోడిన్ చుక్క వేస్తే పిండిపదార్థం ఉన్నచోట ముదురు నీలం తేలుతుంది. కాయ మాగేకొద్దీ ఆ రంగు తగ్గుతుంది. రోజుకు కొన్ని కాయలను ఇలా పరీక్షించి నమోదు చేయడం బీఎస్సీ విద్యార్థులకు సాధ్యమే. అయితే కార్బైడ్ వాడారో లేదో ఈ పరీక్ష చెప్పదు. ఆ పరిమితిని కూడా పోస్టరుపై రాయడమే పరిశోధకుని నిజాయితీ.

డబ్బిచ్చి తెచ్చుకున్న ప్రాజెక్టుకు మార్కులు రావచ్చు, జ్ఞానం మాత్రం రాదు. కొలిచినది కొలిచినట్లు చెప్పడం ఒక అమానతు. సింపోజియానికి ముందురోజు మన అమ్మాయినీ, అబ్బాయినీ ఎదుట కూర్చోబెట్టుకుని ఆ ప్రశ్న మనమే ముందుగా అడుగుదాం.