పాత బుల్లెట్టుకు ఫిల్టరు మార్చిన తరువాత కార్బురేటరు సర్దుబాటు

మన పల్లెలలో తండ్రుల నాటి బుల్లెట్టు మోటారు సైకిళ్లు ఇప్పటికీ తిరుగుచున్నవి. మద్రాసులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి ఈ బండ్ల తయారీకి పూనుకొన్నది. విత్తనాల సంచి, పాల క్యాను, స్ప్రేయరు మోయుటకు రైతులు ఈ బండిని ఎంతో కాలముగా నమ్ముకొన్నారు. దీని ఇంజను మొరటుది. సరిగా చూచుకొన్నచో కొడుకుల కాలమునకు కూడ పనిచేయును.

ఇటువంటి బండికి మీరు కొత్త ఎయిర్ ఫిల్టరు వేయించినారనుకొనుడు. బండి మునుపటికంటె చురుకుగా పోవునని ఆశించితిరి. కాని రేసు ఇవ్వగానే కార్బురేటరు తుమ్ముచున్నది. మిట్ట ఎక్కునపుడు బలము చాలుట లేదు. ఇంజను మితిమీరి వేడెక్కుచున్నది. ఫిల్టరు మంచిది కాదని దానిని తీసి పారవేయకుడు. లోపము ఫిల్టరులో లేదు. గాలి మారినను పెట్రోలు మారకపోవుటలో ఉన్నది. ఈ రెండింటిని మరల జత కుదుర్చుటయే కార్బురేటరు సర్దుబాటు. కొద్దిపాటి ఓపిక, ఒక స్క్రూ డ్రైవరు, ఒక ప్లగ్గు పానా ఉన్నచో ఈ పనిలో చాల భాగము మీరే చేసికొనవచ్చును.

గాలి, పెట్రోలు పాళ్లు

1 గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు 14.7 గ్రాముల గాలి కావలెను. ఈ లెక్కన ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి అవసరమగును. 350 బుల్లెట్టు సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. అనగా ఒక్కొక్క పీల్పునకు 346 ఘనపు సెంటీమీటర్ల చోటు. ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునపుడు 1,500 సార్లు గాలి పీల్చును. రేసు పూర్తిగా తెరచియున్నచో నిమిషమునకు 500 లీటర్ల వరకు గాలి లోనికి పోవును. ఇది యంతయు ఆ చిన్న ఫిల్టరు గుండానే పోవలెను. కావున ఫిల్టరు కొంచెము మారినను ఇంజనుకు తెలియును.

అన్నము వండునపుడు బియ్యము ఎక్కువ పోసి ఎసరు పాత కొలతకే పెట్టినచో అడుగంటును గదా! గాలి పెరిగి పెట్రోలు పెరగనపుడు ఇంజనులో జరుగునది అట్టిదే. దీనిని పలుచని మిశ్రమము అందురు. పలుచని మిశ్రమముతో బరువు లాగించినచో సిలిండరులో వేడి పెరిగి ఎగ్జాస్టు వాల్వు కాలును. ఒక్కొక్కసారి పిస్టనుకే రంధ్రము పడును. పెట్రోలులోనే ఆయిలు కలిపి వాడు రాజ్‌దూత్, జావా, ఎజ్డీ వంటి రెండు స్ట్రోకుల బండ్లకు అపాయము ఇంకను హెచ్చు. వాటికి పెట్రోలు తగ్గినచో ఆయిలు కూడ తగ్గి పిస్టను పట్టివేయును.

పెట్రోలు ఎక్కువైనచో అది చిక్కని మిశ్రమము. దీనివలన నల్లని పొగ, మసి పట్టిన ప్లగ్గు, తగ్గిన మైలేజి కలుగును. మండని పెట్రోలు సిలిండరు గోడలపై నున్న ఆయిలును కడిగివేయును. రెండును నష్టమే, కాని పలుచన త్వరగా చంపును, చిక్కన నెమ్మదిగా తినును.

మీరు చేసిన మార్పు ఏది?

ముందుగా ఈ ప్రశ్న వేసికొనవలెను. ఫిల్టరు మార్పు మూడు విధములు.

మొదటిది: వేళకు మార్చుకొనుచు, అదే రకము ఫిల్టరు మరల వేయుట. దీనికి సర్దుబాటు అవసరము లేదు.

రెండవది: ఏండ్ల తరబడి దుమ్ముతో మూసుకొనిపోయిన ఫిల్టరును తీసి కొత్తది వేయుట. పల్లెలలో ఎక్కువగా జరుగునది ఇదే. పాత ఫిల్టరుకు గాలి ఆడక బండి పొగ విడిచినపుడు ఎవరో కార్బురేటరు తిప్పి పెట్రోలు తగ్గించియుందురు. ఇప్పుడు గాలి ధారాళముగా వచ్చుచున్నది. పెట్రోలు మాత్రము తగ్గించినట్లే యున్నది. కావున తగ్గించిన దానిని మరల యథాస్థానమునకు తేవలెను.

మూడవది: డబ్బా తీసివేసి కార్బురేటరు మూతికి శంఖమువంటి బయటి ఫిల్టరు తగిలించుట. దీనితో గాలి బాగుగా పెరుగును. పెద్ద జెట్టుతో మొదలిడి అన్ని సర్దుబాట్లు చేయవలసియుండును. బండి చప్పుడు మారుటకై దీనిని వేయువారు కలరు. కాని కళ్లములో తూర్పార పట్టునపుడు లేచు దుమ్ము, బండిదారి ఎర్రమట్టి, వానలో ఎగయు నీరు ఇట్టి ఫిల్టరుపై నేరుగా పడును. ఫిల్టరు దాటిన దుమ్ము ఆయిలుతో కలిసి ఆకురాయివలె సిలిండరును, రింగులను అరగదీయును. పొలమునకు పోవు బండికి డబ్బాలోని ఫిల్టరే శ్రేష్ఠము. ఫిల్టరు లేకుండ మాత్రము బండిని ఒక్క రోజు కూడ నడపరాదు.

కాగితపు ఫిల్టరును మెల్లగా తట్టి దులుపవలెనే గాని పెట్రోలుతో కడుగరాదు, ఆయిలు పూయరాదు. స్పాంజి ఫిల్టరును సబ్బునీటిలో కడిగి ఆరబెట్టి, ఆయిలులో ముంచి గట్టిగా పిండి వేయవలెను. తీగవల ఫిల్టరును కిరోసినులో కడిగి, ఆయిలు పట్టించి, ఒడిసిన తరువాత బిగించవలెను.

స్క్రూ ముట్టుకొనక ముందు

ఇతర లోపములు ఉండగా కార్బురేటరును ఎంత తిప్పినను ఫలము లేదు. కావున ఈ క్రింది వానిని ముందు చూడవలెను.

1. టాపెట్లు: ఇంజను చల్లగా నుండి, కంప్రెషనులో పిస్టను పైకి వచ్చినపుడు పుష్‌రాడ్లు వ్రేళ్లతో తేలికగా తిరుగవలెను, పైకి క్రిందికి ఆడరాదు.

2. పాయింట్లు శుభ్రముగా నుండవలెను. ప్లగ్గు కొత్తదైనచో దాని రంగు చూచి మిశ్రమమును తెలిసికొనుట సులభము.

3. కార్బురేటరు ఇంజనును కలియు చోట గాలి పీల్చరాదు. ఇంజను స్లోలో నడచుచుండగా ఆ అతుకుపై కొద్దిగా ఆయిలు పూయవలెను. చప్పుడు మారినచో అచట గాలి దూరుచున్నదని అర్థము. ప్యాకింగు మార్చవలెను.

4. ఫ్లోటు గిన్నె విప్పి మడ్డి, నీరు తీసివేయవలెను. జెట్లను గాలితో ఊదవలెనే గాని తీగతో పొడువరాదు. తీగ రంధ్రమును పెద్దది చేయును.

ఈ పని చేయునపుడు పెట్రోలు కుళాయి కట్టివేయవలెను. ఇంజను చల్లగా నుండవలెను. దరిదాపున బీడీ, పొయ్యి, దీపము ఉండరాదు.

కార్బురేటరులో ఎవరి పని ఎప్పుడు?

పాత బుల్లెట్లకు ఆమల్ కార్బురేటరును, తరువాతి వాటికి మిక్‌కార్బ్‌ను అమర్చిరి. రెండింటి తీరు ఒక్కటే. లోపల భాగములు వంతులవారీగా పనిచేయును. రేసు మూసియున్నపుడు, ఎనిమిదవ వంతు వరకు తెరచినపుడు పైలట్ జెట్టుదే ముఖ్యమైన పని. ఎనిమిదవ వంతు నుండి పావు వరకు స్లైడు అడుగున నున్న కోత ప్రభావము చూపును. పావు నుండి ముప్పాతిక వరకు సూది పెత్తనము. ముప్పాతిక దాటిన తరువాత మెయిన్ జెట్టు. ఏ భాగముపై తప్పు ఉన్నదో తెలియవలెనన్నచో రేసు ఎంత తెరచినపుడు బండి మొరాయించుచున్నదో చూడవలెను. రేసు పిడికి కాగితపు పట్టీ అంటించి పావు, అర, ముప్పాతిక గుర్తులు పెట్టుకొన్నచో పని సులువగును.

సర్దుబాటు వరుస

ఒకసారి ఒక్కటే మార్చవలెను. రెండు కలిపి మార్చినచో ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో తెలియదు. మరీ చలి ఉదయమున గాని, రోహిణి కార్తె మధ్యాహ్నమున గాని ఈ పనికి పూనుకొనరాదు. ఐదారు కిలోమీటర్లు నడిపి ఇంజనును బాగుగా వేడి చేయవలెను. ఆమల్ వారు తమ పుస్తకములలో చెప్పిన వరుస మంచిది; అది ఈ విధముగా నుండును.

1. మెయిన్ జెట్టు. ఖాళీ రోడ్డుమీద హెల్మెటు పెట్టుకొని, రేసు పూర్తిగా తెరచి నడిపి చూడవలెను. రేసును కొంచెము తగ్గించినపుడు గాని, చోక్ కొద్దిగా వేసినపుడు గాని బలము పెరిగినచో జెట్టు చిన్నది. బరువుగా, దడదడలాడుచు నడచినచో జెట్టు పెద్దది. జెట్టుపై అంకె చెక్కబడియుండును. అంకె పెద్దదైన కొలది రంధ్రము పెద్దది. ఒక్కొక్క మెట్టు చొప్పున మార్చవలెను. అనుమానము కలిగినపుడు పెద్ద జెట్టుతో మొదలిడి చిన్నదానికి రావలెనే గాని, చిన్నదానితో మొదలిడరాదు.

2. పైలట్. గాలి స్క్రూను మెల్లగా లోనికి ఆనునంతవరకు తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనుకకు విప్పవలెను. గట్టిగా బిగించినచో మొన చెడును. ఇంజనును కొంచెము హెచ్చు వేగముతో స్లోలో ఉంచి, స్క్రూను పావు చుట్టు చొప్పున ఇటునటు తిప్పి, చప్పుడు నిలకడగా, వేగము ఎక్కువగా నున్న చోట నిలుపవలెను. తరువాత స్లో స్క్రూతో వేగము తగ్గించవలెను. స్క్రూ ఫిల్టరు వైపున ఉన్న కార్బురేటరులో లోనికి తిప్పినచో మిశ్రమము చిక్కబడును, బయటికి తిప్పినచో పలుచబడును. ఇంజను వైపున ఉన్నచో దీనికి విరుద్ధము. మంచి చప్పుడు ఒక చుట్టు లోపలనే దొరికినచో పైలట్ జెట్టు చిన్నది. రెండున్నర చుట్లు దాటినచో పెద్దది.

3. స్లైడు కోత. స్లో నుండి రేసు ఇవ్వగానే కార్బురేటరు తుమ్మినచో పలుచన. గాలి స్క్రూతో కొంచెము చిక్కన చేసి చూడవలెను. అప్పటికిని మానకున్న కోత తక్కువగా నున్న స్లైడు కావలెను. ఈ అవసరము అరుదు.

4. సూది. సగము రేసులో బండి కుదుపులతో నడచినచో క్లిప్పును ఒక గాడి క్రిందికి దింపవలెను; అపుడు సూది పైకి లేచి పెట్రోలు ఎక్కువ వచ్చును. పొగతో మందముగా నడచినచో క్లిప్పును పైగాడికి మార్చవలెను. మనము బండిని ఎక్కువ భాగము ఈ సగము రేసులోనే నడుపుదుము. కావున మైలేజి సూదిపైననే ఆధారపడును.

5. చివరగా స్లోను మరొకసారి సరిచూడవలెను.

ప్లగ్గు చెప్పు సాక్ష్యము

చెవి పొరపడవచ్చును గాని ప్లగ్గు పొరపడదు. కొన్ని కిలోమీటర్లు ఒకే తీరున నడిపి, క్లచ్చి పట్టి, అదే క్షణమున ఇంజను ఆపి, బండిని ప్రక్కకు తీయవలెను. స్లోలో నిలిపి ఉంచిన తరువాత చూచిన ప్లగ్గు సరియైన సాక్ష్యము చెప్పదు. ప్లగ్గు చల్లారిన పిమ్మట విప్పి, మధ్యనున్న పింగాణిని చూడవలెను. లేత కాఫీ రంగు ఉన్నచో పాళ్లు కుదిరినవి. సున్నమువలె తెల్లగా నున్నచో పలుచన. ఆ బండిని అట్లే దూరము నడుపరాదు. పొడి మసి చిక్కనకు గుర్తు. తడిగా, జిడ్డుగా నున్న నలుపు రింగులనుండి గాని, వాల్వు గైడులనుండి గాని ఆయిలు వచ్చుచున్నదని తెలుపును. అది కార్బురేటరుతో కుదురు జబ్బు కాదు.

ఆల్కహాలు కలిసిన పెట్రోలు

2025 నాటికి మన దేశమున బంకులలో 20 శాతము ఇథనాలు కలిపిన పెట్రోలు వ్యాపించినది. చెరకు, మొక్కజొన్న, బియ్యము వంటి మన పంటలనుండియే ఈ ఇథనాలు తయారగుచున్నది. 1 కిలో ఇథనాలు మండుటకు సుమారు 9 కిలోల గాలి చాలును. అనగా అంతే గాలికి ఈ పెట్రోలు కొంచెము ఎక్కువ కావలెను. శుద్ధమైన పెట్రోలుకు కుదిర్చిన పాత జెట్లతో మిశ్రమము ఇప్పటికే కొంత పలుచబడియున్నది. దీనిపైన గాలి ఎక్కువ ఆడు ఫిల్టరు చేరినచో రెండు పలుచనలు కలియును. పదేండ్ల క్రిందట చేయించిన సర్దుబాటు నేటికి చాలునని భావింపరాదు.

ఇథనాలు నీటిని పీల్చును. పాత రబ్బరు గొట్టములను, వాషర్లను మెత్తబరచును. వానిని ఇథనాలుకు తగినవానితో మార్చవలెను. బండి కొన్ని వారములు కదలనియెడల కుళాయి కట్టి ఫ్లోటు గిన్నెలోని పెట్రోలు తీసివేయవలెను.

వ్రాసి పెట్టుకొనుడు

సర్దుబాటు ముగిసిన తరువాత తేదీ, ఫిల్టరు రకము, జెట్ల అంకెలు, సూది గాడి, స్క్రూ విప్పిన చుట్లు ఒక కాగితముపై వ్రాసి, పనిముట్ల పెట్టె మూత లోపల అంటించవలెను. మరల ఫిల్టరు మార్చునపుడు గాని, కొత్త మెకానిక్కు బండిని ముట్టునపుడు గాని ఆ కాగితము దారి చూపును. మందుకొట్టు పెట్రోలు స్ప్రేయరుకు, చిన్న పంపు ఇంజనుకు కూడ మూల సూత్రము ఇదే: గాలి దారి మార్చినపుడెల్ల పెట్రోలు దారిని సరిచూడవలెను. ఒక పూట ఓపికపట్టి ఈ పని చేసినచో, కాలిన వాల్వు కొరకు కోతల వేళ బండిని పట్టణపు షెడ్డులో వదలి రావలసిన అవసరము కలుగదు.