డాబా మీద ఎండ, ఒప్పందంలో ఒక్క మాట

ఇక్కడ అమెరికాలో కరెంటు రంగంలో పనిచేస్తున్నాను కదా, మన సంచికకు కార్బన్ తగ్గించుకోవడం గురించి రాయమని మన కమిటీవాళ్లు అడిగారు. భూమి వేడెక్కుతోందని మీకు నేను చెప్పక్కర్లేదు. హైదరాబాదులో మా చందానగర్ అపార్ట్‌మెంట్ మీద సోలార్ పెట్టించినప్పుడు ఒక్క మాట చూసుకోకపోవడం వల్ల 40 కుటుంబాలం కలిసి 3,60,000 రూపాయలు పోగొట్టుకున్నాం. మీలో చాలామందికి చందానగర్, మియాపూర్, నల్లగండ్ల వైపు ఫ్లాట్లున్నాయి. ఆ నష్టం మీకు రాకూడదనే ఇది రాస్తున్నాను.

మాది ఎంఎంటీఎస్ స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్. అద్దెకుండేవాళ్లు ఎక్కువగా హైటెక్ సిటీ ఉద్యోగులు. ఓనర్లలో చాలామంది రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో చేసి రిటైరైనవాళ్లు. థర్మల్ కేంద్రాల్లో బొగ్గును పొడి చేసే మిల్లులు తయారు చేసిన చేతులవి. సోలార్ అనగానే మా అందరికన్నా ముందు కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేసింది వాళ్లే. ఆ తరం పక్కనుంటే ఏ కాలనీకైనా కొండంత అండ.

సోలార్ గురించి అపార్ట్‌మెంట్‌వాళ్లు పెట్టిన మీటింగులో నేను ఇక్కడి నుంచి వీడియో కాల్‌లో ఉన్నాను. రెండో అంతస్తు పిన్నిగారు ఫోను దగ్గరకొచ్చి, "బాబూ, డాబా అంతా పలకలు పరిచేస్తే మేం వడియాలు, మిరపకాయలు ఎక్కడ ఎండబెట్టుకోవాలి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఎనిమిదడుగుల ఎత్తులో ఇనుప స్టాండు కట్టించి, దక్షిణం పక్క కొంత జాగా ఎండకు వదిలేశాం. ఖర్చు పెరిగింది. కానీ మొదటి సంతకం ఆవిడే పెట్టారు. విదేశాల్లో ఉన్న తొమ్మిదిమంది ఓనర్ల సంతకాలు రావడానికే ఆరు వారాలు పట్టింది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో సొంతింటికి 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తుందని అందరికీ తెలుసు. లిఫ్టు, మోటార్లు, మెట్ల లైట్లు, కార్ల చార్జింగు లాంటి ఉమ్మడి అవసరాల కోసం అపార్ట్‌మెంట్ సంఘాలు పెట్టుకుంటే కిలోవాట్‌కు 18,000 వస్తుందని తెలిసినవాళ్లు తక్కువ. మేం 20 కిలోవాట్లు అనుకున్నాం. మా కామన్ మీటరు ఇంకా బిల్డరు పేరునే ఉందని అప్పుడు బయటపడింది, దాన్ని సంఘం పేరుకు మార్పించుకున్నాం. మీదీ ఒకసారి బిల్లు తీసి చూడండి.

అసలు దెబ్బ తగిలింది ప్యానెళ్ల దగ్గర. ఈ సబ్సిడీ రావాలంటే ప్యానెళ్లు డీసీఆర్‌వి కావాలి. అంటే ప్యానెల్ ఒక్కటే కాదు, అందులోని సెల్లులు కూడా మన దేశంలోనే తయారై ఉండాలి. బయటి దేశపు సెల్లులు తెచ్చి ఇక్కడ ప్యానెల్‌గా బిగించినా దాని మీద "మేడ్ ఇన్ ఇండియా" అని ఉంటుంది. అది అబద్ధం కాదు, కానీ అది డీసీఆర్ కాదు. మాకొచ్చిన కొటేషన్‌లో ఉన్నది "మేడ్ ఇన్ ఇండియా" అనే. ధర కూడా మిగతావాటికన్నా తక్కువ. అది చదివి సరేనన్నది నేనే. 36 ప్యానెళ్లు పైకెక్కాయి, నెట్ మీటరు తిరిగింది, అందరం సంతోషించాం. సబ్సిడీకి కాగితాలు పెట్టేటప్పుడు డీసీఆర్ సర్టిఫికెట్ అడిగారు. మాకది లేదు. "మీరు డీసీఆర్ అని రాయలేదు కదా సార్" అన్నాడు కాంట్రాక్టరు. ఒప్పందం మళ్లీ తీసి చూశాను. ఎక్కడా లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకని దయచేసి వినండి. కొటేషన్‌లోనూ ఒప్పందంలోనూ విడిగా ఒక వాక్యంగా "డీసీఆర్ ప్యానెళ్లు" అని రాయించండి. చివరి వాయిదా డబ్బు సబ్సిడీ మంజూరయ్యేదాకా ఆపి ఉంచుతామని కూడా రాయించండి. లారీ దిగగానే, ప్యానెళ్లు ఇంకా గోడకు ఆనించి ఉండగానే, ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరునూ సర్టిఫికెట్‌లోని నంబర్లతో సరిచూడండి. నంబరు వెనక స్టిక్కరు మీద ఉంటుంది. అద్దం లోపల అంచున సన్నని అక్షరాల్లో కూడా ఉంటుంది. స్టిక్కరును మార్చవచ్చు, అద్దం లోపలిదాన్ని మార్చలేరు. రెండూ ఒకటేనా చూడండి. ప్రతిదానికీ ఫోటో తీయండి. స్టాండు ఎక్కించాక ఆ నంబర్లు చదవడం చాలా కష్టం. మీరు అక్కడ లేకపోతే మీ తరఫున ఒక మనిషిని నిలబెట్టండి.

మంచి సెల్లులు దూరాన్నుంచి తెప్పించుకోవాల్సిన పని లేదు. మన మహేశ్వరం ఈ-సిటీలోనే ప్రీమియర్ ఎనర్జీస్ వాటిని తయారు చేస్తోంది. నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిలో దాదాపు 480 ఇళ్ల మీద మూడేసి కిలోవాట్లు పెట్టి ఊరు ఊరంతా సోలార్ చేశారంటే నా గుండె ఉప్పొంగింది.

డబ్బు పోయినా ఎండ పోలేదు. కిలోవాట్‌కు రోజుకు సుమారు నాలుగు యూనిట్ల చొప్పున మా డాబా ఏడాదికి 29,000 యూనిట్ల దాకా ఇస్తుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కు దాదాపు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన 20 టన్నులు తగ్గినట్టు. మనం ఒక్కొక్కరం అమెరికా నుంచి ఇంటికొచ్చి వెళ్తే విమానంలో రెండు టన్నులకు పైనే అవుతుంది. ఆ బాకీ మనది కాదా? మీ సంఘం నుంచి సంతకం కోసం వాట్సాప్ వస్తే ఆ పూటే బదులివ్వండి.

ఒరుగులు, మాగాయ ముక్కలు, అప్పడాలు అంటూ ఎండను డబ్బాల్లో దాచుకున్న ఇళ్లు మనవి. రథసప్తమి నాడు జిల్లేడు ఆకులతో తలస్నానం, చిక్కుడుకాయల రథం, చిక్కుడాకుల్లో పరమాన్నం మన పిల్లలు ఇక్కడ అమెరికాలో చూడలేదు. వచ్చే రథసప్తమికి వాళ్లకు ఆ రథం కట్టడం నేర్పించండి. అమ్మమ్మగారి అపార్ట్‌మెంట్ డాబా మీద ఆ రోజు ఎన్ని యూనిట్లు వచ్చాయో ఫోనులో చూపించండి.

ఈ మధ్య మా పక్క బ్లాకువాళ్లు 10 కిలోవాట్లు పెట్టుకున్నారు. ఒప్పందం రాసుకునే రోజున మా బీహెచ్ఈఎల్ పెద్దాయన ఒకరు వెళ్లి, డీసీఆర్ అన్న మాట కింద గీత గీయించి వచ్చారు. ప్యానెళ్లు దిగిన రోజు కళ్లజోడు సవరించుకుంటూ, అద్దం అంచున టార్చి వేసి, 18 నంబర్లూ ఆయనే పైకి చదివారు. పిన్నిగారు పక్కన కుర్చీ వేసుకుని సర్టిఫికెట్‌లో ఒక్కొక్కదానికీ టిక్కు పెట్టారు.