జున్ను ప్రయాణం

కొన్ని వంటకాలు అంగడిలో దొరకవు. ఆ పేరుతో దొరికేవి నిజానికి ఆ వంటకాలు కావు. అట్టివాటిలో జున్ను మొదటిది. గేదె ఈనవలె, దూడ తాగవలె, తాగగా మిగిలిన ముర్రుపాలు వంటింటికి రావలె. అప్పుడుగాని జున్ను లేదు. ఎంత సొమ్ము పోసినా ఈనని గేదె వద్ద ముర్రుపాలు పిండగలవాడు లేడు. అందుచేతనే మన పల్లెలలో జున్ను వంటకం మాత్రమే గాక ఒక వార్త కూడా. ఇంటికి పాడి వచ్చినదన్న శుభవార్తను గిన్నెలలో పెట్టి ఇరుగుపొరుగులకు పంపడం మనవారి ఆచారం.

ఒకప్పుడు ఆ ఇరుగుపొరుగులు గోడకు అవతలే ఉండేవారు. మహా అయితే కాలువ దాటి, తాటిదోనె మీద పక్క లంకకు ఆ గిన్నె వెళ్లేది. ఈనాడు కొల్లేటి లంకలో ఈనిన గేదె జున్ను తినవలసిన మనుమడు హైదరాబాదులో చదువుకుంటున్నాడు. ఏలూరు నుండి అక్కడికి 300 కిలోమీటర్లకు పైబడిన దారి. కారులో ఆరేడు గంటల ప్రయాణం. తాడేపల్లిగూడెం నుండి బయలుదేరిన వారికి ఇంకొక గంట. పండుగకు వచ్చి తిరిగి వెళ్లే కూతురి చేతిలో తల్లి స్టీలు డబ్బా పెడుతుంది. "మూత గట్టిగా బిగించానే అమ్మాయ్, ఒలకదులే, పిల్లలకు పెట్టు" అంటుంది. ఒలకదు, నిజమే. కాని ఆ డబ్బాకు ఒలికిపోవడం కన్న పెద్ద ప్రమాదం ఒకటి ఉన్నది. దానిని మూత ఆపలేదు.

ముందు జున్ను సంగతి తెలుసుకోవడం మంచిది. తొలిపూట ముర్రుపాలలో మాంసకృత్తులు మామూలు పాలలో కన్న నాలుగు రెట్ల వరకు ఉంటాయి. వాటిలో అధికభాగం దూడను రోగాల నుండి కాపాడే రక్షక పదార్థాలు. పశువులలో ఈ రక్షణ తల్లి గర్భంలో దూడకు అందదు. పుట్టిన తొలి గంటలలో పాల ద్వారానే అందవలె. దూడ తాగిన పిమ్మటనే మనం పితుక్కోవలెనన్న పెద్దల నియమంలో దయ ఎంత ఉన్నదో శాస్త్రం కూడా అంత ఉన్నది. ఆ మాంసకృత్తులు వేడి తగలగానే గడ్డకడతాయి. కనుకనే బెల్లం కలిపి, మిరియాల పొడి, ఏలకుల పొడి చల్లి, ఆవిరి మీద ఉడికించినంత మాత్రాన, తోడూ పులుపూ లేకుండానే, ముర్రుపాలు జున్నవుతాయి.

ఇంత పుష్టి గల పదార్థం మనకెంత ప్రీతికరమో, కంటికి కనిపించని సూక్ష్మజీవులకూ అంత ప్రీతికరం. నీరు, తీపి, మాంసకృత్తులు - వాటికి కావలసిన భోజనమంతా ఒక్క గిన్నెలో ఉన్నది. ఉడికినప్పుడు లోపలి జీవులు చాలావరకు చస్తాయి. కాని చల్లారేవేళ ముక్కలుగా కోసిన చేతి నుండి, మూతకు తుడిచిన గుడ్డ నుండి కొన్ని మళ్లీ చేరతాయి. అనుకూలమైన వేడిలో ఇటువంటి జీవి 20 నిమిషాలకు ఒకసారి రెండు కాగలదు. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చు. గంటకు మూడు రెట్టింపులు. ఏడు గంటలకు ఇరవై ఒకటి. ఏలూరులో ఒక్కటిగా కారెక్కిన జీవి హైదరాబాదులో దిగే వేళకు 20 లక్షలు దాటుతుంది! అన్ని జీవులూ ఇంత వేగంగా పెరుగుతాయని కాదు. పెరగడానికి ఆ ఏడు గంటలు చాలునని మాత్రమే ఈ లెక్క చెబుతున్నది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో సురక్షితమైన ఆహారానికి ఐదు సూత్రాలను ప్రకటించింది. వాటిలో ఒకటి వేడిమిని గురించినది. వండిన పదార్థం 5 డిగ్రీల లోపున గాని, 60 డిగ్రీల పైన గాని ఉండవలె. ఆ రెంటి నడుమ రెండు గంటలకు మించి ఉండరాదు. ఎండ ముదిరిన రోజున, 32 డిగ్రీలు దాటిన చోట, ఒక గంటే గడువని కొన్ని దేశాల నిపుణులు చెబుతారు. మన కృష్ణా గోదావరీ మండలంలో ఏడాదిలో అధికభాగం పగటివేళ ఆ ఒక గంట లెక్కే వర్తిస్తుంది.

"కారులో ఏసీ ఉన్నది కదా!" అనవచ్చు. ఏసీ మనకు 24 డిగ్రీలు ఇస్తుంది. మనకు హాయి కలిగించే ఆ చల్లదనం సూక్ష్మజీవులకూ హాయే. డిక్కీకి ఆ మాత్రం చల్లదనమూ అందకపోవచ్చు. ఎండలో నిలిపిన కారు లోపల ఒక గంటలో బయటి కన్న 20 డిగ్రీలు ఎక్కువ వేడి చేరగలదు. పోనీ, పూర్వుల వలె తడిగుడ్డ చుట్టుదామా? తడి ఆరేటప్పుడు చల్లబడుతుందన్నది సత్యమే. కుండలో నీరు చల్లబడేది ఆ సూత్రం చేతనే. అయితే గాలిలో ముందే తేమ నిండి ఉంటే తడి త్వరగా ఆరదు. కొల్లేటి గాలిలో తడిగుడ్డ తాగునీటికి చాలునేమో గాని జున్నును 5 డిగ్రీలకు దించలేదు.

అయితే ఉపాయమేది? ఉపాయం మన ప్రాంతంలోనే ఉన్నది. కైకలూరు, ఆకివీడు, భీమవరం ప్రాంతాల నుండి చేపల లారీలు హౌరాకు, ఇంకా ఈశాన్య రాష్ట్రాలకు వెళుతుంటాయి. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దారి అది. చేపల చెరువుల వలన కొల్లేటికి కలిగిన కీడు వేరే కథ. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించడం, 2006లో ప్రభుత్వం చెరువుగట్లను తెగగొట్టించడం పాఠకులకు తెలిసినవే. ఆ చర్చ అట్లా ఉంచి, చేపలను సర్దే కూలీల చేతులను గమనించండి. అడుగున పొడిచేసిన ఐసు పరుపు, దాని మీద చేపలు, మళ్లీ ఐసు, మళ్లీ చేపలు, అన్నిటి పైన దిట్టంగా ఐసు. ఎక్కడా గాలికి సందు ఉంచరు. ఆ సర్దుబాటులో భౌతికశాస్త్ర పాఠం ఒకటి ఇమిడి ఉన్నది.

ఆ పాఠమిది: చలువ అనే పదార్థమేదీ లోకంలో లేదు. ఉన్నది వేడిమి ఒక్కటే. మనం చల్లదనాన్ని మోసుకుపోవడం లేదు. వేడి లోపలికి రాకుండా కాపలా కాస్తున్నాము. ఆ కాపలాదారే ఐసు. జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రజ్ఞుడు 1760 ప్రాంతంలో గ్లాస్గోలో దీని మర్మాన్ని వివరించాడు. సున్న డిగ్రీల వద్దనున్న ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీల వేడి కావలె. ఆ వేడినంతటినీ మింగి కూడా అది సున్న డిగ్రీల వద్దనే ఉంటుంది. దీనినే మన పాఠ్యగ్రంథాలు గుప్తోష్ణం అంటాయి. లోపలికి చొరబడిన వేడిని తాను కరిగిపోతూ భరించి, పక్కనున్న దానికి సోకనీయదు. చివరి ముక్క ఉన్నంతవరకు ఆ కాపలా ఉన్నట్లే.

కాపలాదారుకు కోటగోడ కూడా కావలె. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా వర్తకుడు 1833లో బోస్టన్ నుండి టస్కనీ అనే ఓడలో 180 టన్నుల మంచును కలకత్తాకు పంపాడు. ఉష్ణమండలం మీదుగా నాలుగు నెలల ప్రయాణం. గమ్యం చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలాయి! చుట్టూ దట్టించిన పొట్టు వంటి పదార్థాలలో కదలక నిలిచిన గాలే దానిని కాపాడింది. ఆ వ్యాపారం మద్రాసుకూ వచ్చింది. 1842లో సముద్రతీరాన మంచు నిలవకు కట్టిన ఐస్ హౌస్ ఈనాటికీ ఉన్నది; 1897లో వివేకానందస్వామి అక్కడ బస చేసినందున దానికిప్పుడు వివేకానంద భవనమని పేరు. ఓడలో పొట్టు చేసిన పనినే ఈనాడు థర్మోకోల్ చేస్తున్నది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభంగా చూపవచ్చు. సమానమైన రెండు ఐసు ముక్కలు తీసుకొని రెండు పళ్లెములలో ఉంచండి. ఒకదానిని ఉన్ని గొంగళిలో చుట్టండి; రెండవదానిని విడిగా వదలండి. ఏది ముందు కరుగుతుందని పిల్లలను అడగండి. "గొంగళి వెచ్చన కదండీ, అదే ముందు కరుగుతుంది" అని చాలామంది అంటారు. గంట తరువాత విప్పి చూపండి. గొంగళి వేడిని పుట్టించదు, వేడి రాకపోకలను అడ్డుకుంటుంది. చలికాలంలో మన ఒంటి వేడిని బయటకు పోనీయనట్లే బయటి వేడిని ఐసు దగ్గరకు రానీయదు. ఒకసారి కంటితో చూసిన బాలుడు ఉష్ణవహనాన్ని ఇక వల్లె వేయనక్కరలేదు.

ఇక జున్ను డబ్బా దగ్గరకు వద్దాము. 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 25 సెంటీమీటర్ల ఎత్తు, రెండున్నర సెంటీమీటర్ల మందం గోడలు గల థర్మోకోల్ పెట్టె అనుకుందాము. బయట 35 డిగ్రీల వేడి ఉంటే, ఆ గోడల గుండా వచ్చే వేడికి గంటకు సుమారు పావుకిలో ఐసు కరుగుతుంది. ఏడు గంటలకు కిలో ముప్పావు. దారిలో టైరు పంక్చరో, భోజనానికి ఆలస్యమో అయితే ఆదుకోవడానికి మూడు కిలోలు పెట్టుకోవడం వివేకం.

ఇక్కడే చాలామంది ఒక మెలకువ మరచిపోతారు. జున్ను ముందే చల్లబడి ఉండవలె. గది వేడిలో, 34 డిగ్రీల వద్దనున్న రెండు కిలోల జున్నును పెట్టెలో పెట్టారనుకోండి. దానిని నీటితో సమానంగా లెక్కిస్తే, 4 డిగ్రీలకు దించడానికే 60,000 కేలరీలు, అనగా 750 గ్రాముల ఐసు ఖర్చవుతుంది. మూడు గంటల కాపలా బయలుదేరకముందే వ్యర్థమైనదన్నమాట. పైగా డబ్బా నడిమి భాగం చల్లబడేసరికి చాలా సేపు పడుతుంది; ఆ సేపంతా సూక్ష్మజీవులకు పండుగే. కాబట్టి జున్ను వండిన తరువాత లోతు తక్కువ గిన్నెలలో పరచి, ఆవిరి తగ్గగానే, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టి, ఒక రాత్రంతా ఉంచవలె. ప్రయాణం తెల్లవారుజామున అయితే మరీ మంచిది.

ఐసుకు బజారుకు పోనక్కరలేదు. తాగునీటిని సీసాలలో పోసి ముందు రోజే గడ్డకట్టించవచ్చు. నీరు గడ్డకట్టేటప్పుడు పదింట ఒక వంతుకు దగ్గరగా పెరుగుతుంది గనుక సీసాను నిండా నింపరాదు. ఇందులో రెండు లాభాలు: కరిగిన నీరు జున్నుకు తగలదు, గమ్యం చేరాక ఆ నీరు తాగడానికి పనికివస్తుంది. చేపల నిమిత్తం తయారైన ఐసు తాగునీటిదేనన్న భరోసా లేదు గనుక దానిని తినుబండారాల దగ్గరకు రానీయకుండుట మేలు. చల్లదనం పెరుగునని ఐసులో ఉప్పు కలపవద్దు. ఆ మిశ్రమం సున్నకు దిగువన 21 డిగ్రీల వరకు దిగగలదు. కుల్ఫీకి అది వరం, జున్నుకు శాపం. గడ్డకట్టి కరిగిన జున్ను నీరు విడిచి, పలుకులు పలుకులుగా విరిగిపోతుంది.

సర్దడంలో చేపల కూలీనే గురువుగా భావించండి. సీసాలు అడుగున కొన్ని, పక్కల కొన్ని, పైన కొన్ని. చల్లని గాలి బరువు గనుక కిందికి దిగుతుంది. పైనున్న సీసాలను మరువరాదు. మిగిలిన సందులలో తువ్వాళ్లు, పాత పత్రికలు దట్టించండి. మూత చుట్టూ అంటుపట్టీ వేయండి. పెట్టెను డిక్కీలో గాక మనుషులు కూర్చునే చోట, ఎండ పడని మూల ఉంచి, పైన దుప్పటి కప్పండి. దారిలో తాగే నీటికి వేరొక సంచి ఉండవలె. పిల్లవాడు నీళ్లకని పదిసార్లు పెట్టె తెరిస్తే పదిసార్లు ఎండను లోపలికి పిలిచినట్లే.

ఇల్లు చేరాక చేయవలసిన పరీక్ష ఒకటి. పెట్టె తెరవగానే సీసాలలో ఇంకా గడ్డ మిగిలి ఉన్నదా? జున్ను డబ్బా చేతికి జిల్లుమంటున్నదా? చిన్న థర్మామీటరు ఉంటే అది 5 డిగ్రీల లోపు చూపుతున్నదా? అయితే వెంటనే ఫ్రిజ్‌లోకి మార్చండి, నిశ్చింతగా వడ్డించండి. అలాగాక నీరంతా కరిగి గోరువెచ్చన అయి, ఎంతసేపటి నుండి అట్లా ఉన్నదో చెప్పలేని స్థితి ఏర్పడితే ఆ జున్నును పారవేయవలసిందే.

ఈ మాట రాయడం తేలిక, చేయడం కష్టం. వాసన చూస్తాము, బాగానే ఉంటుంది. నాలుక మీద వేసుకుంటాము, కమ్మగానే ఉంటుంది. "మళ్లీ ఒకసారి ఉడికిస్తే సరిపోదా?" అనుకుంటాము. సరిపోదు. చేతుల నుండి, ముక్కు నుండి ఆహారంలో చేరే స్టెఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి ఒక విషాన్ని పుట్టిస్తుంది. ఉడికిస్తే ఆ జీవి చస్తుంది గాని విషం చావదు. రంగూ వాసనా మారవు. తిన్న కొద్ది గంటలలోనే వాంతులు పట్టుకుంటాయి. పెద్దలు ఒకనాటితో తేరుకోవచ్చును. పసిపిల్లలకు, వృద్ధులకు అది ఆసుపత్రి దాకా పోగలదు.

జున్ను పారవేయడమంటే దానిని వండిన తల్లిని అవమానించినట్లని మనకు లోలోపల బాధ. కాని ఆమె పంపినది ఆ గిన్నెడు తీపి మాత్రమే కాదు. పిల్లలు చల్లగా ఉండాలన్న కోరిక దాని వెనుక ఉన్నది. డబ్బా ఖాళీగా తిరిగి వచ్చిందని ఆమె నొచ్చుకోదు, పిల్లవాడు జబ్బుపడ్డాడని వింటే నొచ్చుకుంటుంది. మనం ఏడు గంటలు జాగ్రత్తగా మోయవలసినది ఆమె కోరికను. అందుకు కావలసిన సామగ్రి ఒక థర్మోకోల్ పెట్టె, మూడు సీసాల ఐసు, ముందునాటి రాత్రి కొంత ఓపిక. అంతకు మించి ఖర్చు లేదు. గేదె మళ్లీ ఈనుతుంది, జున్ను మళ్లీ ఉడుకుతుంది. ఈసారి మూతతో పాటు ఐసును కూడా గుర్తు చేసుకుంటే చాలు.